తినకుండా పారబోసిన సంగటి

మా శాఖలో ఒక నియమం ఉండేది. శానిటరీ ఇన్‌స్పెక్టరు డ్యూటీలో ఉండగా వీధిలో అమ్మే తిండి ముట్టకూడదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఉద్యోగం చేశాను. మొదట్లో కొన్ని నెలలు తప్ప, మిగిలిన కాలమంతా ఆ నియమాన్ని దాదాపు ప్రతిరోజూ తప్పాను. చాటుగా కాదు. ఖాకీ చొక్కా వేసుకుని, నడివీధిలో, పదిమంది చూస్తుండగా తిన్నాను. ఇప్పుడు రిటైరై మార్కాపురంలో కూర్చున్నాను కాబట్టి ధైర్యం వచ్చిందనుకోకండి. ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఇదే మాట అన్నాను. అన్నందుకు పడవలసినవన్నీ పడ్డాను.

ఈ మధ్య మా తాలూకా యువకులు కొందరు ఇదే ఉద్యోగంలో చేరుతున్నారు. చేరేముందు మా ఇంటికి వచ్చి, "పెద్దాయనా, ఏ పుస్తకం చదవాల? ఏ ఆఫీసరు ఎట్లాంటోడు?" అని అడుగుతున్నారు. పుస్తకాలు వాళ్ళే ఇస్తారు. ఆఫీసర్లు మారిపోతుంటారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఎందుకంటే ఆ పుస్తకాలు రాసినవాళ్ళు వీధి పొయ్యి ముందు ఎప్పుడూ కూర్చోలేదు.

మొదటి తప్పు

మాది రాచర్ల దగ్గర పల్లె. వానొస్తే పంట, లేకపోతే లేదు. మా నాయన నన్ను మెట్రిక్ దాకా చదివించి, "ఈ మట్టిలో నువ్వు పడొద్దు" అని చెన్నపట్నం పంపించాడు. అక్కడ శానిటరీ ఇన్‌స్పెక్టరు శిక్షణ పూర్తిచేసి, రాయపురంలో, రేవుకు దగ్గరగా ఉన్న వీధుల్లో పనిలో చేరాను. పెద్దసుబ్బయ్య అనే నా పేరును అక్కడ ఎవరూ సరిగా పలికేవాళ్ళు కాదు. నాకూ పట్టింపు లేదు. ఖాకీ చొక్కా ఉంది, చేతిలో బెత్తం ఉంది. పట్నం మొత్తాన్ని నేనే కడిగెయ్యాలన్నంత ఊపులో ఉన్నాను.

చేరిన నెలలోనే ఒక మధ్యాహ్నం గొడౌన్ల వీధిలో ఒకామె దగ్గర ఆగాను. మూడు రాళ్ళ పొయ్యి, పక్కన పెద్ద మట్టికుండ. కుండకు మూత లేదు. మూత లేని తిండి పారబొయ్యమని రూలు. నేను అడగలేదు, చూడలేదు. కుండ మెడ పట్టుకుని కాలవలోకి వంచాను. జొన్న సంగటి ముద్దలు ముద్దలుగా జారిపోయింది. చుట్టూ కూర్చున్న హమాలీలు చేతుల్లో ఆకులు పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయారు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏంది సారూ, తిని చూసినావా?" అంది.

ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను. అది అచ్చం మా ఊరి మాట.

"మూత లేదు" అన్నాను.

"మూత లేదంటే మూత పెట్టమనాల. తినకుండానే పారబోస్తే ఎట్ల? పొద్దున్నించి మూటలు మోసినోళ్ళు వీళ్ళు. ఇప్పుడు నువ్వు పెడతావా వీళ్ళకి కూడు?"

బెత్తం చంకలో పెట్టుకుని అక్కడినుంచి వెళ్ళిపోయాను. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు చెవులు కాలిపోయినట్టనిపించింది గానీ, రూలు ప్రకారమే చేశానని ఆ పూట నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మరునాడు ఆమె అదే చోట ఉంది. అదే కుండ, దాని మీద నల్లటి రాతి పలక మూత. మార్కాపురం గనుల నుంచి పలకల పెట్టెలు రైల్లో ఆ గొడౌన్లకే వచ్చేవి, అక్కడినుంచి ఓడలెక్కేవి. అంచు విరిగిన పెద్ద పలక ఒకటి అడిగి తెచ్చుకుని కుండకు సరిపోయేలా చెక్కించుకుంది. నన్ను చూసి, మూత మీద వేలితో రెండుసార్లు తట్టింది.

రజాక్ అన్న పాఠం

మా ఆఫీసులో అందరికంటే పాత ఇన్‌స్పెక్టరు రజాక్ సాయెబు. కంభం మనిషి. తిరువల్లిక్కేణి వైపు వీధులు ఆయనవి. నా రిజిస్టరులో "సంగటి ధ్వంసం చేయబడినది" అనే మాట చదివి నన్ను బయటికి పిలిచాడు.

"సుబ్బయ్యా, ఆ సంగటి పాచిపోయిందా?"

"తెలీదన్నా."

"పురుగుందా?"

"చూళ్ళేదు."

"మరి ఏం చూసినావు? కుండ మూతి చూసినావు. రేపటినుంచి నాతో రా. నీకు కళ్ళున్నాయి గానీ నాలిక లేదు."

ఆ తర్వాత రెండు నెలలు, నా పని ముగిశాక, ఆయన వెంట చెన్నపట్నం పేట పేటా తిరిగాను. ఇంతకాలంలో నేను నేర్చుకున్న అసలు చదువు అదే.

పొద్దున్నే రేవు దగ్గర రాగి కూళు, అంటే మన అంబలి, అమ్మేవాళ్ళు. పులిసిన గంజిలో ఉల్లిపాయ, పక్కన ఎండుచేప ముక్క. మూటలు మోసేవాళ్ళు నిలబడే తాగి పోయేవాళ్ళు. చాకలిపేటలో ఆవిరికి ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, కొబ్బరి తురుము. చింతాద్రిపేటలో ఒక ముసలాయన అరటికాయ బజ్జీలు మాత్రమే వేసేవాడు. నూనె రంగు మారితే వంపేసి ఆ రోజుకి బజ్జీలు లేవని చెప్పేవాడు. ఎంతమంది నిలబడి ఉన్నా సరే వినేవాడు కాదు. మైలాపూరులో గుడివీధుల పక్కన మిరియాల వడలు. తిరువల్లిక్కేణిలో రంజాను నెలలో మసీదు దగ్గర పోసే గంజి. దానిలో కాస్త మాంసం, మెంతులు, పుదీనా. రజాక్ అన్న నాకు అది పోయించి, "ఉపవాసం లేకపోయినా తాగొచ్చు, ఆకలుంటే చాలు" అన్నాడు. సముద్రపు ఒడ్డున సాయంత్రం శనగలు, మామిడికాయ ముక్కలు, కొబ్బరి.

తినడం ఒక్కటే కాదు. ప్రతిచోటా ఆయన ముందు పొయ్యి వెనక్కి పోయి కూర్చునేవాడు. ఎంగిలి గ్లాసు ఏ బకెట్లో ముంచుతున్నారు, ఆ నీళ్ళు ఎక్కడివి, ఎన్నిసార్లు మారుస్తున్నారు, తాగే నీళ్ళలో చెయ్యి మునుగుతోందా లేదా చూసేవాడు. "సలసల మరిగేది మనిషిని చంపదు. దాని పక్కనుండే చల్లనీళ్ళు చంపుతాయి" అనేవాడు. తిడుతూ చెప్పేవాడు కాదు. తింటూ చెప్పేవాడు. తిన్నవాడి మాట వింటారు. బెత్తంతో వచ్చినవాణ్ణి చూస్తే కుండ దాచేస్తారు. దాచిన కుండను మీరు ఎప్పటికీ పరీక్షించలేరు.

రెండు నెలలు నిండాక ఓబుళమ్మ దగ్గరికి వెళ్ళాను. నేను సంగటి పారబోసిన ఆమె పేరు ఓబుళమ్మ. మార్కాపురం దగ్గర పలకల గనిలో రాయి జారి మొగుడు పోతే, పలకల పెట్టెలతోపాటు పోయే జనంలో కలిసి చెన్నపట్నం వచ్చింది. గొడౌన్ల హమాలీల్లో సగం మంది మన వైపువాళ్ళే. వాళ్ళకు అరవ సాంబారు ఎక్కలేదు. ఈమె సంగటి కెలికి, వేరుశనగ విత్తులు, ఎండుమిరపకాయలు రోట్లో నూరి ఊరిబిండి చేసి పెట్టేది.

వెళ్ళి రాతి మీద కూర్చున్నాను. "అక్కా, ఒక ముద్ద పెట్టు" అన్నాను.

"ఎందుకు, ఆకు మీంచి పారబోసేదానికా?"

"తినేదానికే."

పెట్టింది. ఊరిబిండి కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కారమేనని అప్పుడు చెప్పాను. కారం ఒక్కటే కాదని ఇప్పుడు రాస్తున్నాను. చిన్నప్పుడు చేలో మా నాయనతో కలిసి తిన్న రుచి అది.

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

"తిన్నావు గదా, ఇంకేంది?" అంది. ఇంకో ముద్ద వేసి, "నువ్వు ఏ ఊరబ్బీ?" అని అప్పుడు అడిగింది.

రెండో తప్పు

మొదటి తప్పు కుర్రతనం. రెండోదానికి అట్లాంటి సాకు లేదు. బాగా నేర్చుకున్నాక, తెలిసి తెలిసి చేసిన తప్పది.

గొడౌన్ల వీధి మొదట్లో ఒక కాఫీ క్లబ్బు ఉండేది. పేరు రాయను. పాలరాతి బల్లలు, గోడకు తెల్ల పెంకులు, అద్దం బీరువాలో మిఠాయిలు. వడ్డించేవాళ్ళు తలకు గుడ్డ కట్టుకునేవాళ్ళు. ఏటా లైసెన్సు తిరగరాసే ముందు మేము తనిఖీ చేసి సంతకం పెట్టాలి. నేను వెళ్ళగానే యజమాని లేచి నిలబడ్డాడు. వెండి గ్లాసులో కాఫీ వచ్చింది. వీధి పొయ్యిల దగ్గర వంగి వంగి బకెట్లు చూసేవాణ్ణి, అక్కడ కుర్చీలోంచి లేవలేదు. వెనక పెరట్లో నీళ్ళ తొట్టి ఉందని నాకు తెలుసు. చూడాలని కూడా తెలుసు. ముందువైపు ఇంత శుభ్రంగా ఉన్నవాళ్ళను అనుమానించడం అమర్యాద అనిపించింది. కాఫీ తాగి సంతకం పెట్టి వచ్చాను.

కొన్ని నెలలకు ఆ వీధిలో కలరా వచ్చింది.

ముందు పడింది చెన్నయ్య. తర్లుపాడు మనిషి, పలకల పెట్టెలు దించే హమాలీ. ఆ తర్వాత ఇంకో ముగ్గురు హమాలీలు. నలుగురూ మధ్యాహ్నం ఓబుళమ్మ దగ్గరే తినేవాళ్ళు. మా హెల్తాఫీసరుకు ఆ ఒక్క ముక్క చాలింది. ఆయన చెడ్డవాడు కాదు. కోస్తా నుంచి వచ్చిన చదువుకున్న మనిషి, లంచం ముట్టడు, ఎండలో మాతో సమానంగా తిరుగుతాడు. కానీ వీధిలో అమ్మేవాళ్ళంటే ఆయనకు రోగమే. "ఆ మూడు వీధుల్లో పొయ్యి అనేది కనబడకూడదు. ముందు ఆ సంగటి ఆవిడ" అని ఆర్డరు వేశాడు. రెండు రోజుల్లో తనే స్వయంగా వస్తానన్నాడు.

నేను రజాక్ అన్న దగ్గరికి పరిగెత్తాను.

"ఆమె దగ్గర తిన్న నలుగురు పడినారు. సరే" అన్నాడు. "తిని పడనోళ్ళు ఎంతమంది? వాళ్ళను అడిగినావా?"

అడగలేదు. మళ్ళీ కుండ మూతినే చూశాను.

ఆ రోజంతా గొడౌన్లలో తిరిగాను. ఓబుళమ్మ దగ్గర రోజూ తినేవాళ్ళలో చాలామంది నిక్షేపంగా పెట్టెలు మోస్తున్నారు. అవే ముద్దలు, అదే ఊరిబిండి. అయితే ఆ నలుగురు వేరేగా ఏం చేశారు? అంటురోగాల ఆసుపత్రికి వెళ్ళి, మాట్లాడగలిగిన ఒకతన్ని అడిగాను. మెల్లగా చెప్పాడు. ముందటి వారం వాళ్ళు నలుగురూ కాఫీ క్లబ్బుకు బియ్యం మూటలు దించారు. దించి, చెమటలు కారుతుంటే పెరట్లో తొట్టి నీళ్ళు కడుపునిండా తాగారు.

రజాక్ అన్న ఇంకోటి పట్టుకొచ్చాడు. పక్కవీధిలో ఇద్దరు గుమాస్తాలకు కూడా వాంతిభేదులు. ఇద్దరూ ఆ క్లబ్బులోనే టిఫిను తినేవాళ్ళు. ఇంటికే డాక్టర్లు వస్తున్నారు కాబట్టి మా లెక్కలో వాళ్ళ పేర్లు లేవు.

ఇద్దరం కలిసి క్లబ్బు పెరట్లోకి పోయాము. యజమాని అడ్డం వచ్చాడు. రజాక్ అన్న ఆయన్ని పక్కకు జరిపి ముందుకు నడిచాడు. తొట్టి గోడ అడుగున పగులు. దాన్ని ఆనుకుని మరుగుదొడ్డి కాలవ. రెండింటి మధ్య మట్టి తడిగా నల్లగా ఉంది. కుర్చీలోంచి లేచి ఇరవై అడుగులు నడిచి ఉంటే ఇది నాకు ఆనాడే కనబడేది.

"లైసెన్సు మీద సంతకం ఎవరిది?" అని రజాక్ అన్న మెల్లగా అడిగాడు.

"నాదే."

"సుబ్బయ్యా, ఇది రాస్తే ఆమె పొయ్యి నిలబడతాది. నీ ఉద్యోగం పోతాది. నేను రాయమనను, వద్దనను" అన్నాడు.

వీధిలో

మరునాడు పొద్దున హెల్తాఫీసరు వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, కుండలు ఎత్తుకుపోయేందుకు ఒక చెత్తబండి. అప్పటికే వీధిలో మిగతావాళ్ళు పొయ్యిలు ఆర్పి వెళ్ళిపోయారు. ఓబుళమ్మ వెళ్ళలేదు. కుండ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"లేమ్మా" అన్నాడు కానిస్టేబులు.

"లెయ్యను. నేనేం తప్పు చేసినానో చెప్తే లేస్తా."

హెల్తాఫీసరు నావైపు చూశాడు. "ఏమిటయ్యా, చూస్తావేం? ఆ కుండ బండిలో వెయ్యి."

ఆయన పై అధికారి. నేను ఏడాది నిండని ఉద్యోగిని. ఊళ్ళో మా నాయన నా కొడుకు గవర్నమెంటు కొలువు చేస్తున్నాడని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇవన్నీ తలలో తిరిగాయి. నాకు భయం వెయ్యలేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ భయంతోనే పోయి ఓబుళమ్మ ఎదుట రాయి మీద కూర్చున్నాను.

"అక్కా, ఒక ముద్ద పెట్టు" అన్నాను.

ఆమె కదల్లేదు. గొంతు తగ్గించి, "అబ్బీ, లేచి పో. నీ కూడు పోతాది" అంది.

"పెట్టక్కా."

పెట్టింది. ఖాకీ చొక్కాతో, ఆఫీసరు ముందు, కలరా వచ్చిన వీధిలో, ఏ కుండ నుంచి కలరా వచ్చిందంటున్నారో ఆ కుండలోని సంగటి తిన్నాను. గొడౌన్ల తలుపుల్లోంచి హమాలీలు ఒక్కొక్కరే బయటికి వచ్చి నిలబడ్డారు.

"నీకు మతి పోయిందా?" అన్నాడు హెల్తాఫీసరు. ఆయన గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

"లేదు సార్. రోగం ఇక్కడిది కాదు. కాఫీ క్లబ్బు వెనక తొట్టి పగిలి ఉంది. దొడ్డి నీళ్ళు కలుస్తున్నాయి. పడిన నలుగురూ అక్కడ నీళ్ళు తాగారు. పక్కవీధి గుమాస్తాలిద్దరూ అక్కడే తిన్నారు."

"ఆ క్లబ్బుకు లైసెన్సు ఉంది. తనిఖీ అయింది. సరిగా ఉందని సంతకం కూడా ఉంది."

"ఆ సంతకం నాదే సార్."

"అయితే?"

"అది అబద్ధం సార్. పెరట్లోకి పోకుండానే పెట్టాను. వాళ్ళిచ్చిన కాఫీ తాగి పెట్టాను."

ఓబుళమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. హెల్తాఫీసరు ముఖం ఎర్రబడింది. నేను ఒక్కడినే తప్పు ఒప్పుకుంటే ఆయనకు బాధ లేదు. నా సంతకం కింద ఆయన సంతకం ఉంది. అదీ సంగతి.

"ఈ మాట రాసి ఇస్తావా?"

"ఇస్తాను."

అక్కడే పలకల పెట్టె మీద కాగితం పరిచి రాశాను. రజాక్ అన్న పక్కన నిలబడి చదివాడు. చదివి, నన్ను అడగకుండానే కింద సాక్షిగా తన పేరు రాశాడు. హెల్తాఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బండిని ఖాళీగానే వెనక్కి పంపించాడు.

ఆ మధ్యాహ్నం క్లబ్బు తొట్టి ఖాళీ చేయించారు. తలుపు మీద "మరమ్మతుల కోసం మూసివేయబడినది" అని అట్ట కట్టారు. కలరా అనే మాట ఎక్కడా రాయలేదు. ఆ తర్వాత వీధిలో కొత్తగా ఎవరూ పడలేదు.

ఏమైంది

చెన్నయ్య బతకలేదు. మిగతా ముగ్గురూ బతికారు. చెన్నయ్య భార్య తర్లుపాడు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమెను ఓబుళమ్మ తన దగ్గర కూర్చోబెట్టుకుంది. నేను వెళ్ళి జరిగింది చెప్పాను. చెప్పొద్దని రజాక్ అన్న అన్నాడు. ఆయన మాట నేను వినని సందర్భం అదొక్కటే.

ఆమె అంతా విని, "నువ్వు ముందే చూసింటే బతికేటోడా?" అని అడిగింది.

"బతికేవాడేమోనమ్మా" అన్నాను.

తిట్టలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాకు తేలిక అయ్యేది. ఈ ఉద్యోగంలోకి వచ్చే మీకు చెబుతున్నాను. సంతకం పెట్టడానికి పట్టేది క్షణం. దాని కింద ఒక మనిషి ఉంటాడు. నేను పై అధికారి ముందు ధైర్యం చేశానని ఆ వీధివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ ధైర్యం చెన్నయ్యకు పనికిరాలేదు.

ఓబుళమ్మ గెలిచిందని కూడా రాయలేను. నెల తిరగకుండానే ఎడ్లబండ్లకు అడ్డమని ఆ వీధిలో పొయ్యిలు నిషేధించారు. ఆమె మూడు రాళ్ళూ తీసి పక్కవీధిలో పెట్టుకుంది. అక్కడినుంచి లేపితే ఇంకో వీధి. హమాలీలు ఆమె వెంటే పోయారు. నేను చెన్నపట్నంలో ఉన్నంతకాలం ఆమె పొయ్యి వెలగని మధ్యాహ్నం నేను చూడలేదు.

నా ఉద్యోగం పోలేదు. పీకేస్తే నా కాగితం బయట పెట్టవలసి వస్తుంది, అందుకని బదిలీ చేశారు. ఎక్కడికని అడిగితే, పట్నం నుంచి ఎవరూ పోనంటున్న చోటికి అన్నాడు గుమాస్తా. మార్కాపురం. "నీళ్ళు లేని ఊరు, బండలు తప్ప ఏం లేవు" అని జాలిపడ్డాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. శిక్ష అనుకుని నన్ను మా ఇంటికి పంపించారు.

మార్కాపురం, గిద్దలూరు

మిగతా ఉద్యోగమంతా ఈ కర్నూలు జిల్లా తూర్పు తాలూకాల్లోనే గడిచింది. మార్కాపురం సంత, గిద్దలూరు రైలుస్టేషను, కొమరోలు దాకా సైకిలు. పట్నంలో పేటపేటకూ ఒక తిండి ఉన్నట్టే ఇక్కడ సంత సంతకూ ఒకటి. స్టేషను దగ్గర తెల్లవారేసరికి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. సంతలో అలసంద వడలు. ప్రతిచోటా ముందు తిన్నాను, తర్వాత మాట్లాడాను. నాకు తిట్లు పడ్డాయి. అజీర్తి కూడా రెండుమూడుసార్లు చేసింది. దాచను. కానీ నన్ను చూసి కుండ దాచినవాళ్ళు లేరు.

అధికారులు చాలామంది వచ్చారు, పోయారు. వాళ్ళందరి గురించీ రాయను. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో వచ్చిన ఒకాయన గురించి చెప్పి ముగిస్తాను.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి తిరునాళ్ళ. చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వస్తాయి. వీధి పొడుగునా తినుబండారాల వరస. నల్లమల నుంచి చెంచులు అడవి ఆకులతో కుట్టిన విస్తళ్ళు తెచ్చి అమ్ముతారు. నేను ముందే వరసలోని వాళ్ళందరితో మాట్లాడాను. తినేది కొత్త విస్తట్లోనే, కడిగిన పళ్ళెం వద్దు. తాగేనీళ్ళు కొయ్య కొళాయి పెట్టిన పీపాల్లోనే. ఎవరి చెయ్యీ నీళ్ళలో మునగకూడదు. వాళ్ళు ఒప్పుకున్నారు. బావులన్నిట్లో నేనే మందు కలిపించాను.

తిరునాళ్ళ మొదటిరోజు పొద్దున కొత్త హెల్తాఫీసరు నుంచి ఆర్డరు వచ్చింది. వీధిలో అమ్మేవాళ్ళందరినీ లేపెయ్యాలి, లైసెన్సు హోటళ్ళు రెండే తెరిచి ఉండాలి. ఆ కాగితం పట్టుకుని వరస దగ్గరికి పోయి వాళ్ళందరికీ చదివి వినిపించాను.

దోసెలు పోసే ఆదెమ్మ పెనం మీంచి తల ఎత్తింది. "ఇప్పుడేంది సారూ? మమ్మల్ని లెయ్యమంటావా?"

"నేను లెయ్యమనను. ఆర్డరు ఉందని చెప్పడం నా పని, చెప్పినాను. లేసేది లేనిది మీ ఇష్టం."

"నువ్వు లెయ్యమనకపోతే ఎవురు లేస్తారు?" అంది ఆదెమ్మ. పెనం మీద నీళ్ళు చిలకరించి ఇంకో దోసె పోసింది.

ఎండ ఎక్కాక హెల్తాఫీసరు జీపులో వచ్చాడు. వరస మొత్తం మీద ఒక్క పొయ్యి ఆరలేదు, ఒక్క తల తిరగలేదు. జనం కూర్చుని తింటున్నారు.

"వీళ్ళను లేపలేదేం?" అన్నాడు.

"లేపను సార్."

"ఏమన్నావ్?"

"ఇంతమంది రెండు హోటళ్ళ మీద పడితే మధ్యాహ్నానికే ఆ తొట్ల నీళ్ళు అయిపోతాయి. ఆ తర్వాత ఏ నీళ్ళు పోస్తారో నాకు తెలుసు. ఇక్కడ ప్రతి పీపా నేను చూసినాను. మీరు సస్పెండు చేస్తే చెయ్యండి, మూడు రోజులు ఆగి చెయ్యండి. ఈ మూడు రోజులూ ఈ వీధిలో ఎవరికి ఏమైనా పూచీ నాది."

ఆయన వరస పొడుగునా నడిచాడు. ఒక పీపా కొళాయి తిప్పి చూశాడు. వాడేసిన విస్తళ్ళ గుంట దగ్గర ఆగాడు. ఆఖరికి నా దగ్గరికి వచ్చి, "మూడు రోజుల తర్వాత రిపోర్టు నాకు నేరుగా పంపు" అని మాత్రం అని జీపెక్కాడు.

ఆ మూడు రోజులు నేను ఆ వీధి వదల్లేదు. వరసలో ప్రతి పొయ్యి దగ్గరా ఒక్కపూటయినా తిన్నాను. తిరునాళ్ళ అయ్యాక ఇంకో వారం ఆగాను. రోగం బయటపడేది ఆ తర్వాతే కాబట్టి పల్లె పల్లెకూ సైకిలు మీద పోయి అడిగి వచ్చాను. అప్పుడు కూర్చుని రిపోర్టు రాశాను. అంతకుముందు రాసిన వాటన్నిటికంటే అదే చిన్నది.

"తిరునాళ్ళకు వచ్చినవారు వీధిలో తిన్నారు. నేనూ తిన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు."